వలలో ఒక కన్ను: ఎనిమిదో తరగతి పిల్లలతో 'నేనెవరు' షార్ట్ ఫిల్ములు, ఒక కేస్ స్టడీ

ఈ కేసులో పిల్లల పేర్లు, బడి పేరు, వీధి ఏవీ రాయడం లేదు. కుటుంబ వివరాల్లో రెండు మూడు మార్చాం. మార్చినవి ఏ నిర్ణయానికీ ఆధారమైనవి కావు. బడుల్లో షార్ట్ ఫిల్ములు చూపించేవాళ్ళకీ, పిల్లలచేత తీయించేవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నాం. ఇందులో మా పొరపాటు వల్ల ఒక పిల్లవాడు నాలుగు రోజులు బడి మానేశాడు. అది ఎలా జరిగిందో, తర్వాత ఏం మార్చామో ఇక్కడ వివరంగా చెబుతున్నాం.

నేపథ్యం

విశాఖపట్నంలో సముద్రానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల. ఎనిమిదో తరగతిలో 36 మంది. మూడో వంతు ఇళ్ళలో పెద్దవాళ్ళు వేటకెళ్తారు, లేదా హార్బర్లో ఐసు మోయడం, తూకం వేయడం లాంటి పనులు చేస్తారు. మిగతావాళ్ళు ఆటో నడిపేవాళ్ళ పిల్లలు, అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ల పిల్లలు, ఒడిశా నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల పిల్లలు.

ఆ తరగతిలో ఒక పూటలో మూడు రకాల మాట వినబడుతుంది. పాఠం ఇంగ్లీషు మీడియం. టీచరు వివరించేది పుస్తకాల తెలుగు. గంట కొట్టగానే పిల్లలు తమ భాషలోకి దిగిపోతారు: 'బేగి రా', 'ఏటి', 'ఒగ్గేయ్'. ఈ మూడో మాటకి తరగతి గదిలో చోటు లేదన్న సంగతి ఎవరూ చెప్పకుండానే పిల్లలందరికీ తెలుసు.

సంక్రాంతి సెలవుల తర్వాత మొదలుపెట్టి ఏప్రిల్ మూడో వారం దాకా, వారానికి ఒక 45 నిమిషాల పీరియడ్. షార్ట్ ఫిల్ములు చూడటం, మాట్లాడటం, చివర్లో తీయడం. బడిలో, ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం కింద వచ్చిన పెద్ద టచ్ ప్యానెల్ ఉంది కాబట్టి ప్రొజెక్టర్ అవసరం రాలేదు.

సమస్య

క్లాస్ టీచరు ఒక అబ్బాయి గురించి ప్రత్యేకంగా చెప్పారు. లెక్కల్లో మంచి మార్కులు. రాత బాగుంటుంది. కానీ జూలై నుంచి తరగతిలో నోరు విప్పడం లేదు. పైకి చదవమంటే నిలబడతాడు, పుస్తకం చూస్తాడు, కూర్చుంటాడు. ఒక ఫారంలో తండ్రి వృత్తి దగ్గర 'బిజినెస్' అని రాశాడు. తండ్రి పడవ మీద వేటకెళ్తారని టీచరుకు తెలుసు.

ఇది వ్యక్తిగత కౌన్సెలింగ్‌తో చూడాల్సినదా, తరగతితో కలిపి చూడాల్సినదా అన్నది మేం ముందు తేల్చుకోవాలి. ఆటల పీరియడ్లో అతను అందరికంటే గట్టిగా అరుస్తాడు. ఇంటి దగ్గర తమ్ముళ్ళకి లెక్కలు చెబుతాడు. వినికిడిలో లోపం లేదు. ఇంట్లో హింస ఉన్నట్టు ఏ సూచనా లేదు. ఉంటే దారి వేరు: పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి, సినిమాలు పక్కన పెట్టాలి. మౌనం ఒక్క చోటే, పదిమందిలో తెలుగు పైకి మాట్లాడాల్సిన చోట. జూలైలో పాఠం చదువుతూ 'వెళ్ళాడు' అనాల్సిన చోట 'ఎల్లినాడు' అన్నాడట, క్లాసంతా నవ్విందట. అంటే నోరు మూతపడింది ఆ పిల్లవాడిది, మూయించింది తరగతి. అందుకే అతన్ని విడిగా పిలిచి మాట్లాడకుండా తరగతి మొత్తంతో పని మొదలుపెట్టాలని అనుకున్నాం. ఆ నిర్ణయం సరైనదే. దాన్ని అమలుచేసిన తీరే రెండుసార్లు బెడిసికొట్టింది.

మొదటి ప్రయత్నం: చూపించి ప్రశ్నలడగడం

గుర్తింపు, ఆత్మవిశ్వాసం మీద నెట్‌లో దొరికే షార్ట్ ఫిల్ములు నాలుగు ఎంచుకున్నాం, ఒక్కొక్కటి 12 నుంచి 18 నిమిషాలు. ఆఖరి పీరియడ్ ఇచ్చారు. పిల్లలు సర్దుకోవడానికి ఆరేడు నిమిషాలు, ప్యానెల్ ఆన్ అయి పెన్‌డ్రైవ్ తెరుచుకోవడానికి ఇంకో మూడు. పడమటి కిటికీల ఎండ నేరుగా ప్యానెల్ మీద పడి, ఒక వైపు కూర్చున్న పది పన్నెండు మందికి మెరుపు తప్ప బొమ్మ కనబడలేదు. ఫ్యాన్ల చప్పుడులో మెల్లగా అన్న మాటలు వినబడలేదు. సినిమా అయ్యేసరికి మాట్లాడుకోవడానికి పదిహేను నిమిషాలు మిగిలేవి.

అడిగిన ప్రశ్న: 'ఈ సినిమా నుంచి ఏం నేర్చుకున్నారు?' వచ్చిన జవాబు: 'కష్టపడి చదవాలి సార్.' నాలుగు సినిమాలకీ అదే జవాబు. పిల్లల తప్పు కాదిది. ఆ ప్రశ్న పాఠం చివర అభ్యాసంలో ఉండే ప్రశ్నలాంటిది, దానికి ఏం రాస్తే మార్కులు పడతాయో వాళ్ళకి మూడో తరగతి నుంచీ తెలుసు. పైగా ఆ సినిమాలన్నీ చివరి నిమిషంలో నీతి చెప్పేసేవే, పిల్లలు ఆలోచించడానికి ఏమీ మిగల్చనివే.

అందుకే పీరియడ్ పొద్దుటికి మార్పించుకున్నాం. ప్యానెల్ ఎదురుగా ఉన్న రెండు కిటికీలకి చార్టులు అంటించాం. సినిమా నిడివి మూడు నుంచి ఆరు నిమిషాలకి తగ్గించాం, నీతి చెప్పే సినిమాలు తీసేశాం. ఒక్కొక్కటీ రెండుసార్లు వేశాం: మొదటిసారి శబ్దం లేకుండా, రెండోసారి శబ్దంతో, ఫ్యాన్లు ఆపి. ప్రశ్నల వరుస కూడా మారింది. ముందు 'ఏం కనబడింది?' అంటే కంటికి కనబడినదే చెప్పాలి, 'బాధగా ఉన్నాడు' అంటే ఒప్పుకోం, 'తల వంచుకుని గోడ పక్కన నిలబడ్డాడు' అనాలి. తర్వాత 'ఏం వినబడింది?' చివరికి 'ఆ మనిషి తన గురించి ఏమనుకుంటున్నాడు, చూసేవాళ్ళు అతని గురించి ఏమనుకుంటున్నారు, రెండూ ఒకటేనా?' ఈ మూడో ప్రశ్నకి జవాబు పేరు లేకుండా చీటీ మీద రాయించాం. చీటీలు 36 ఒకే సైజు, ఒకే రంగు పెన్ను.

ఒక చీటీ మీద ఇలా ఉంది: 'ఆడు నోరు తెరవనంతసేపే బాగున్నాడు.' ఎవరు రాశారో దస్తూరి చూసి పోల్చగలిగేవాళ్ళం. పోల్చలేదు. పేరు రాయొద్దని చెప్పి వెనక నుంచి వెతికితే మరుసటి వారం చీటీల్లో మళ్ళీ 'కష్టపడి చదవాలి' వస్తుంది.

రెండో ప్రయత్నం: తీయించడం, అక్కడ జరిగిన పొరపాటు

ఫిబ్రవరిలో ఆరుగురేసి ఆరు గ్రూపులు చేశాం. 'నేనెవరు' అన్న అంశం ఇచ్చి, ఒక పేజీ స్క్రిప్టు, మూడు నిమిషాల సినిమా అన్నాం. ఆరింట్లో నాలుగు స్క్రిప్టులు ఒకే కథ: పేద ఇల్లు, తాగే తండ్రి, దీపం ముందు చదువు, చివర్లో కలెక్టరో డాక్టరో. మన సినిమాల్లో చూసిందే రాశారు. అంశం అంత పెద్దదైనప్పుడు పిల్లలు తమకు తెలిసిన మూసలోకి పోతారు. పెద్దవాళ్ళూ అంతే చేస్తారు.

ఆ అబ్బాయి గ్రూపుది జాలరి కొడుకు కలెక్టరయ్యే కథ. కొడుకు వేషం అతనికే ఇచ్చారు, 'నీకు వల పట్టడం తెలుసు కదరా' అని. అతను ఔననలేదు, కాదనలేదు. ఆ మౌనాన్ని మేం ఒప్పుకోలు కింద లెక్కేశాం. మౌనమే సమస్య అని వచ్చిన పిల్లవాడి మౌనాన్ని!

వల భుజాన వేసుకుని కెమెరాలోకి చూస్తూ 'మా నాన్న చేపలు పడతాడు, నేను మాత్రం కలెక్టరునవుతాను' అనాలి. తొమ్మిది టేకులు అయ్యాయి. ప్రతిసారీ 'నేను మాత్రం' దగ్గర ఆగిపోయేవాడు. పదో టేకుకి ముందు మంచినీళ్ళకని కుళాయి దగ్గరికి వెళ్ళి, అటు నుంచి అటే ఇంటికి పోయాడు. నాలుగు రోజులు బడికి రాలేదు. ఇంకో పిల్లవాడు ఇంటి నుంచి తెచ్చిన ఫోన్లో ఆ టేకులు కొన్ని తీసుకున్నాడని, వీధిలో ఒకరిద్దరు చూశారని తర్వాత తెలిసింది.

మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్ ఎరిక్సన్ కౌమారాన్ని గుర్తింపుకీ పాత్రల గందరగోళానికీ మధ్య పెనుగులాట అన్నాడు. ఆ వయసులో పిల్లలు రకరకాల వేషాలు వేసుకుని చూసుకుంటారు, నప్పకపోతే తీసేస్తారు. ఆ తీసేసే వీలే ప్రాణం. కెమెరా దాన్నే లాగేసుకుంటుంది. ఒకసారి రికార్డయిన వేషం ఇంకొకరి జేబులో ఉంటుంది. ఇక్కడైతే వేషం అతను ఎంచుకున్నది కూడా కాదు, దాచుకున్నది. దాన్ని బయటికి లాగి, తండ్రి పనిని తక్కువ చేసే వాక్యం అతని నోటితోనే పలికించబోయాం. ఆ 'మాత్రం' అన్న మాటలో ఏముందో స్క్రిప్టు చదివిన మాకు తట్టలేదు, పలకాల్సిన పిల్లవాడికి తెలిసింది.

ఆపడం, సరిదిద్దడం

రెండు వారాలు కెమెరా బయటికి తీయలేదు. అతను వచ్చిన రోజు క్లాస్ టీచరు సమక్షంలో 'నిన్ను అడక్కుండా వేషం ఇచ్చాం, అది మా తప్పు' అని చెప్పి, టేకులన్నీ అతనిచేతే డిలీట్ చేయించాం. గ్యాలరీలో తీసేసినవి 'రీసెంట్లీ డిలీటెడ్'లో ఇంకొన్నాళ్ళు ఉంటాయి కాబట్టి అదీ ఖాళీ చేయించాం. రెండో ఫోన్ ఉన్న ఇంటికి టీచరు వెళ్ళి తీయించారు. ఎందుకు వెళ్ళిపోయావని అడగలేదు. అడిగితే మళ్ళీ పదిమందిలో నిలబెట్టి చదవమన్నట్టే.

ఆ రెండు వారాల్లో చేసిన ఒక అభ్యాసం తర్వాతి పనికి దారి వేసింది. సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ సుమారు నూరేళ్ళ కిందట చేసి చూపించిందే: ఏ భావమూ లేని ఒకే ముఖం పక్కన వేరువేరు షాట్లు అతికిస్తే, చూసేవాళ్ళు ఆ ముఖంలో వేరువేరు భావాలు చదువుకుంటారు. మేం పిల్లల ముఖం వాడలేదు. వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి అడిగి ఆయన ముఖం నాలుగు సెకన్లు తీశాం. తర్వాత మూడు షాట్లు: మధ్యాహ్న భోజనం పళ్ళెం, చిరిగిన వాలీబాల్ నెట్, ఖాళీ తరగతి గది. ముఖం, పళ్ళెం, మళ్ళీ ముఖం. ముఖం, నెట్, మళ్ళీ ముఖం. ఫోన్లోని ఎడిటింగ్ యాప్‌లో అరగంట పని.

'ఆకలేస్తోంది', 'కోపంగా ఉన్నారు', 'రిటైరవుతున్నారు కదా, బెంగ' అన్నారు పిల్లలు. అప్పుడు ఆయన్నే పిలిచి అడిగించాం. ఆ నాలుగు సెకన్లూ మనసులో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టుకున్నానని చెప్పారు. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి, 'అంటే సార్, మన ముఖం మీద మనది కానిది వాళ్ళే పెట్టేస్తారు' అంది. గుర్తింపు గురించి నాలుగు నీతి సినిమాలు చెప్పలేనిది ఆ మాటలో ఉంది.

మూడో ప్రయత్నం: ముఖం లేని సినిమా

ఈసారి అంశాన్ని బాగా కుదించాం. 'నేనెవరు' తీసేసి, 'మీ ఇంట్లోనో వీధిలోనో ఉన్న రెండు చేతులకి ఏం తెలుసు?' అన్నాం. నిడివి 90 సెకన్లు. ముఖం కనబడకూడదు. రాసిన డైలాగు ఉండకూడదు. షాట్లు ఆరు, ఒక్కొక్కటి 15 సెకన్లు. ఎవరి సినిమా వాళ్ళదే, గ్రూపు లేదు.

చేతులే ఎందుకంటే, చేతుల్ని గుర్తుపట్టి ఎగతాళి చేయడం కష్టం. పైగా పని చేస్తున్న చేతుల్ని చూస్తే జాలి కంటే ముందు ఆసక్తి పుడుతుంది. పేదరికం కథ చెప్పే అవకాశమే ఉండదు, నేర్పు ఒక్కటే కనబడుతుంది. నిడివి 90 సెకన్లే ఎందుకంటే, 1080పి నాణ్యతలో, సెకనుకి 30 ఫ్రేముల దగ్గర ఫోన్ వీడియో నిమిషానికి 100 నుంచి 130 ఎంబీ తింటుంది. 36 మంది ఫుటేజీ ఒకే ఫోన్లో, ఒకే కార్డులో ఉండాలన్నది మా కొత్త నియమం. బడి ఫోన్ తప్ప ఇంకో ఫోన్ షూటింగుకి రాకూడదు.

అనుమతి పత్రాలు రెండుగా విడదీశాం. తల్లిదండ్రుల సంతకం ఒకటి. 18 ఏళ్ళ లోపు వాళ్ళ డిజిటల్ సమాచారానికి అది కావాలని 2023 డేటా రక్షణ చట్టం కూడా చెబుతుంది. రెండోది పిల్లవాడిదే, ఎడిటింగ్ అయ్యాక, తన సినిమా తాను చూసుకున్నాక పెట్టే టిక్కు. మూడు గళ్ళు: నేనొక్కణ్ణే చూస్తాను, నేను చెప్పిన ముగ్గురికి చూపించండి, క్లాసుకి చూపించండి. ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ముందుగా తీసుకున్న అనుమతి ఏం తీస్తామో తెలియక ముందు ఇచ్చినది. రెండో ప్రయత్నంలో మా దగ్గర ఉన్నది అదే, అది ఎవరినీ కాపాడలేదు.

ఆ అబ్బాయి మూడు వారాలు ఏమీ ఎంచుకోలేదు. తొందరపెట్టలేదు. ఈలోగా మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి, మధ్యాహ్నాలు ఖాళీ. ఏప్రిల్ 15న తూర్పు తీరంలో వేట నిషేధం మొదలైంది. జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు కదలవు, వలలు ఒడ్డుకొస్తాయి. మరుసటి రోజు క్లాస్ టీచరు దగ్గరికి వచ్చి, 'మా బాబుది తియ్యొచ్చా?' అని అడిగాడు. ఉత్తరాంధ్రలో చాలా ఇళ్ళలో బాబు అంటే తండ్రి. బడిలో అప్పటిదాకా అతని నోట విన్నది 'డాడీ'నే.

సెలవులకి వారం కూడా లేదు. ఒకే సాయంత్రం తీశాం, నాలుగున్నర నుంచి అయిదున్నర మధ్య. ఆ వేళకి ఇళ్ళ నీడ ఇసుక మీదికి వస్తుంది, వెలుగు మెత్తబడుతుంది. మిట్టమధ్యాహ్నం తీస్తే ఇసుక తెల్లగా మండిపోయి చేతులు నల్లని నీడల్లా వస్తాయి.

మొదటి రెండు షాట్లు పనికిరాలేదు. తెల్లని నైలాన్ వల, తెల్లని ఇసుక: ఫోన్ ఫోకస్ వల మీద నిలవక ఇసుక మీదికి జారిపోతోంది. వల కింద నీలం టార్పాలిన్ పరిచాం, దారం ఒక్కసారిగా తేలింది. స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) మారకుండా లాక్ చేశాం. ఫోన్ చేత్తో పట్టుకోకుండా తిరగేసిన చేపల క్రేటు మీద పెట్టి, ముడికి అడుగున్నర దూరంలో ఉంచాం. జూమ్ వాడలేదు, క్రేటునే జరిపాం. ఉప్పుగాలికి పావుగంటకోసారి లెన్సు మసకబారుతుంది. పొడిగా రుద్దితే గీతలు పడతాయి. మెత్తని నూలుగుడ్డ కాస్త తడిపి తుడిచి, తర్వాత పొడిగుడ్డ. ఆ గాలిలో రికార్డయిన శబ్దం అంతా బుసబుసే కాబట్టి మాట అక్కడ తీయలేదు.

ఫ్రేములో ఉన్నది ఇంతే: వల అంచు కాలి బొటనవేలికి తగిలించి లాగి పట్టారు. దారం చుట్టిన వల సూది కుడిచేతిలో. తెగిన కన్ను (వలలోని రంధ్రం) అంచుల్ని కత్తిరించి, ఎడమచేతి రెండు వేళ్ళు కొలతగా పెట్టి, సూది లోపలి నుంచి పైకి, చుట్టి, లాగి, బిగించి. ఒక్కో ముడికి మూడు నాలుగు సెకన్లు. కెమెరా నడిపింది కొడుకే. పదకొండు షాట్లు తీస్తే ఆరు ఉంచుకున్నాడు.

గొంతు మరుసటి రోజు పుస్తకాలు దాచే గదిలో రికార్డు చేశాం. పుస్తకాల కట్టలు, వాటి మీద రెండు దుప్పట్లు, ప్రతిధ్వని తగ్గిపోతుంది. ఫోన్ నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి. స్క్రిప్టు లేకపోతే ఏం మాట్లాడాలో తెలియదు కాబట్టి, ప్రతివాళ్ళకీ ఎదురుగా ఒక ఆరో తరగతి పిల్లనో పిల్లవాణ్ణో కూర్చోబెట్టాం: 'ఈ పని తెలియని వాళ్ళకి చెప్పు.'

మొదటి టేకులో అతను పుస్తకం మాటే మాట్లాడాడు: 'మా తండ్రిగారు వలను బాగు చేస్తున్నారు.' మేం సరిదిద్దలేదు, 'మీ భాషలో చెప్పు' అని కూడా అనలేదు. అలా అంటే 'మీ భాష వేరు' అని మళ్ళీ గుర్తుచేసినట్టే. ఎదురుగా ఉన్న చిన్నపిల్ల మధ్యలో, 'ఆ ముడి ఊడిపోదా?' అని అడిగింది. వెంటనే జవాబొచ్చింది:

'ఊడిపోదు. రెండు సుట్లు సుట్టీసి లాగుతాడు మా బాబు. ఒక్క కన్ను వదిలీసినా సేప అందులోంచే ఎల్లిపోద్ది.'

రెండూ వినిపించాం. 'ముందుది తీసీండి. ఇది ఉంచండి' అన్నాడు.

ఏం మారింది, ఎంత మారింది

మొదట రెండో గడిలో టిక్కు పెట్టాడు. ముగ్గురు చూశాక మూడో గడికి మార్చాడు, రెండు షరతులతో: సినిమా మీద పేరు ఉండకూడదు, మొదటా చివరా వేయకూడదు. ఆ రోజు వేసిన తొమ్మిదింట్లో అతనిది నాలుగోది. 'సుట్లు' అన్న చోట ఒకరు నవ్వారు. గద్దించలేదు. ప్రతి సినిమా తర్వాత ముందు ప్రశ్న, ఆ తర్వాతే అభిప్రాయం అన్నది అప్పటికే అలవాటైన పద్ధతి. మొదటి ప్రశ్న: 'వల మొత్తం బాగవ్వడానికి ఎన్ని రోజులు?' రెండోది: 'కొలత వేళ్ళతోనే ఎలా తెలుస్తుంది?' రెండిటికీ అతనే కూర్చున్న చోటు నుంచి జవాబు చెప్పాడు.

ఇంతకంటే ఎక్కువ చెప్పడం న్యాయం కాదు. జూన్లో బడి తెరిచాక ఇద్దరిద్దరుగా చేసే పనుల్లో మాట్లాడుతున్నాడు. నిలబడి పైకి చదవడం ఇంకా లేదు. టీచరే ఆ పద్ధతి మార్చారు: ముందు పక్కవాళ్ళకి చదివి వినిపించి, ఇష్టమైతే తర్వాత అందరికీ. ఈ మార్పు సినిమాలకంటే ఎక్కువ పనిచేసి ఉండొచ్చు, రెంటినీ విడదీసి చూపలేం.

మళ్ళీ చేసేవాళ్ళకి

కెమెరా పనిని వెనక్కి జరిపి, ముందు చూసే పనికి కనీసం ఆరు వారాలు ఇవ్వాలి. కనబడినదానికీ అనుకున్నదానికీ తేడా తెలియకుండా కెమెరా చేతికొస్తే పిల్లలు మూస కథే తీస్తారు. ముఖంతో చేసే అభ్యాసం మేం మార్చిలో చేశాం, జనవరిలోనే చేసి ఉండాల్సింది. అప్పుడు ఆ కలెక్టరు స్క్రిప్టును పిల్లలే ప్రశ్నించేవాళ్ళు.

అంశం ఎంత చిన్నదైతే పిల్లవాడు అంత లోతుకి దిగాడు. 'నేనెవరు' అంటే 36 మందిలో ఒక్కరూ తమ గురించి చెప్పలేదు. 'చేతులకి ఏం తెలుసు' అంటే దోసె తిప్పే అమ్మమ్మ, మగ్గం వర్కు చేసే అక్క, ఆటో ప్లగ్గు విప్పే మావయ్య వచ్చారు, వాళ్ళ వెంట పిల్లల మాటా వచ్చింది. ఎదురుగా నిజంగా తెలియని శ్రోత ఉండటం కూడా అంతే ముఖ్యం. పెద్దవాళ్ళు అడిగితే పరీక్ష, చిన్నపిల్ల అడిగితే అవసరం.

ప్యానెల్ మీద వేసే ఫైలు ఎంపీ4లోకి ఎగుమతి చేసుకుని, ముందురోజే అదే ప్యానెల్ మీద చివరిదాకా నడిపి చూడాలి. ఒక సినిమాకి బొమ్మ వచ్చి గొంతు రాకపోవడంతో ఆ అమ్మాయి పడిన కంగారు మళ్ళీ ఎవరికీ రాకూడదు. ట్యూబ్‌లైట్ల కింద 30 ఫ్రేముల్లో తీస్తే గీతలు ఆడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములకి మారిస్తే చాలావరకు పోతాయి.

ఏదీ నెట్‌లో పెట్టలేదు. బడి వార్షికోత్సవానికి అడిగితే ఇవ్వలేదు, ఆ అబ్బాయి టిక్కు పెట్టింది క్లాసుకే. ఒక్కొక్కరికీ తమ సినిమా కాపీ ఇచ్చి, జూలై 31న బడి ఫోన్లోనూ కార్డులోనూ ఉన్నవి తుడిచేశాం. మొదటి గడిలో టిక్కు పెట్టిన పదకొండు మంది సినిమాల్లో ఏముందో, ఎడిటింగ్‌లో పక్కన కూర్చున్న ఒక్కరికి తప్ప, టీచరుతో సహా ఎవరికీ తెలియదు. ఈ ఏడాది పత్రంలో ఇంకో గడి చేర్చాం: 'తీసినది ఇప్పుడే తుడిచేయండి.'